పసుపు కుంకుమలతో ముంచేసిన సూరమ్మ తాటాకులు

మా చిన్నప్పుడు ఆముదం దీపానికి పట్టిన మసి మా ఇంట్లో రెండు పనులకు వచ్చేది... సగం మా కళ్ళకు కాటుక, సగం నాన్నగారి తాటాకు పుస్తకాలకు. నాన్నగారు అరుగు మీద కూర్చుని ఆకు మీద ఆ మసి పూసి, మెత్తటి గుడ్డతో తుడిచేవారు. అంతవరకు ఏమీ కనిపించని ఆకు మీద గంటంతో గీసిన అక్షరాలు నల్లగా తేలేవి. మధ్యలో మా చెల్లి ఏడిస్తే అదే వేలితో దాని బుగ్గన దిష్టి చుక్క పెట్టి, ఒళ్ళో వేసుకుని మళ్ళీ చదువుకునేవారు.

ఇది 1930ల నాటి మాట. నాకిప్పుడు తొంభై అయిదు. నేను చెబుతుంటే మా మనవరాలు ఫోనులో రాస్తోంది. కోపంగా చెబుతున్నాను, మెత్తబరచకుండా రాయమన్నాను.

నాన్నగారు గుండుగొలను దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. సెలవు దొరికితే దోనె ఎక్కి కొల్లేటి లంకల్లో ఇంటింటికీ తిరిగేవారు. "పాత తాటాకులేమైనా ఉన్నాయాండీ" అని అడిగేవారు. ఒక్కరే వెళ్ళేవారు కాదు... అమ్మను, పిల్లలను, చద్దన్నం గిన్నెను కూడా వెంటబెట్టుకునేవారు. మేం లేకపోతే ఆయనకు ముద్ద దిగేది కాదు.

ఒక లంకలో సూరమ్మ అని చేపలు పట్టుకుని బతికే ఆవిడ ఉండేది. వాళ్ళ తాత రాసిన కట్ట ఒకటి తెచ్చి నాన్నగారి చేతిలో పెట్టింది.

"నాకు చదువు రాదండి పంతులుగారూ. మా తాత ఏం రాశాడో మొత్తం చదివి నాకోపాలి వినిపించండి. తర్వాత మీ కాడే ఉంచుకోండి" అంది.

నాన్నగారు మాటిచ్చారు. సగం చదివేసరికి ఆయనకు అన్నం సంగతే గుర్తులేదు. ఏ కార్తెలో ఏ చేప గుడ్లు పెడుతుందో, అప్పుడు వల ఎక్కడ వేయకూడదో, పసిపిల్లలకు జ్వరమొస్తే ఏ ఆకు నూరాలో... అన్నీ అందులో ఉన్నాయట. అమ్మను పిలిచి మరీ చదివి వినిపించారు.

ఇంతలో వానలకు కొల్లేరు పొంగి ఊళ్ళోకి వచ్చేసింది. నాన్నగారు మమ్మల్ని, తాటాకు కట్టలను దోనెలో ఎక్కించి, అక్కడి నుంచి బండి కట్టించి, ఏలూరులో పెదనాన్నగారింట్లో దింపారు. దారిలో పైనున్న సూరమ్మ కట్ట తడిసింది. బడీ ఇల్లూ చూసుకోవాలని ఆయన వెంటనే వెనక్కి బయలుదేరారు.

"అన్నయ్యా, ఈ కట్ట జాగ్రత్తండి. నాది కాదు, ఒకావిడ నమ్మి ఇచ్చింది" అని చెప్పడం నా చెవులతో విన్నాను.

పెదనాన్నగారిది పౌరోహిత్యం. పెద్ద పండితుడని ఊరంతా పేరు. ఆయన కట్ట విప్పారు. కొన్ని ఆకులు అంటుకున్నాయి, కొన్నిటి అంచులు విరిగాయి. నీడన ఆరబెడితే సరిపోయేది. ఆ పండితుడు ఒక్క ఆకు చదవలేదండీ.

"శిథిలమైన గ్రంథం ఇంట్లో ఉంటే కీడు. గంగలో కలపాలి" అన్నారు.

కసి కొద్దీ చేసుంటే నాకింత మండేది కాదు. భక్తితో చేశారు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొత్త గుడ్డ చుట్టి, పళ్ళెంలో పెట్టుకుని కాలువ గట్టుకు నడిచారు. పిల్లలందరి చేతా పూలు వేయించారు. నేనూ వేశాను. కట్ట కాసేపు తేలి మునిగిపోయింది. ఆయన లెంపలు వేసుకుని, పుణ్యం వచ్చిందన్నారు.

వారం తర్వాత నాన్నగారు వచ్చారు, విన్నారు. "అలాగా అన్నయ్యా" అన్నారు. అంతే. అన్నగారిని పల్లెత్తు మాట అనలేదు. ఆ ఓర్పు మీద కూడా నాకు ఈనాటికీ కోపమే.

నీళ్ళు తీశాక నన్ను వెంటబెట్టుకుని లంకకు వెళ్ళారు. జరిగింది దాచకుండా చెప్పి, "తప్పు నాదేనమ్మా" అన్నారు. సూరమ్మ చిరిగిన వల అల్లుతోంది. చెయ్యి ఆపలేదు.

"మా గుడిసెలో మూడు తరాలు బతికిందండి. వరదొస్తే మా అమ్మ నెత్తిన పెట్టుకుని నిలబడేదండి. చదువుకున్నోళ్ళింటికొచ్చి మూణ్ణెల్లు బతకలేదండి" అంది.

వల ముడి ఒకటి బిగించి, "పోనీ మీరు చదివిన కాడికి చెప్పండి" అంది.

నాన్నగారు నేల మీద చతికిలబడి, గుర్తున్నదంతా చెప్పారు. ఆవిడ వల పక్కన పెట్టి విన్నది. ఆయన ఆగితే, "తర్వాతండీ?" అని అడిగింది. ఆయన చదివింది అక్కడి దాకానే.

ఆ తర్వాత నాన్నగారు ఎవరి కట్టనూ ఇంటికి తేలేదు. వాళ్ళ అరుగు మీదే కూర్చుని, మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా నకలు రాసి, చదివి వినిపించి, వాళ్ళది వాళ్ళకిచ్చేసి వచ్చేవారు. తొంభై ఒక్కేళ్ళు బతికారు. ఆరుగురు పిల్లలను పెంచారు, మనవలకు గోరుముద్దలు తినిపించారు, చూపున్నంత కాలం నకళ్ళు రాశారు. ఆయనకు ఎవరూ దండ వేయలేదు. మొన్న పెదనాన్నగారి ముని మనవడు మాత్రం ఫోనులో తన ముత్తాత ఫోటో పెట్టి, 'గ్రంథాలను దైవంగా కొలిచిన మహానుభావుడు' అని రాశాడు. కింద వందల దండాలు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇప్పుడు కొల్లేట్లో కార్తె చూసి వల ఆపేవాళ్ళెవరు... ఎటు చూసినా చేపల చెరువుల గట్లే.

మీ అటకల మీద అలాంటి కట్టలుంటే దండం పెట్టి ఊరుకోకండి. దించండి. చదవగలిగిన వాళ్ళను పిలిచి చదివించండి. అందులో ఏముందో ఇక్కడ రాయండి, మా మనవరాలు నాకు చదివి వినిపిస్తుంది... ఏదైనా సరే, "తర్వాతండీ" అని అడిగే మనిషి మీ ఇంట్లో బతికుండగానే రాయండి.