తప్పంతా సర్దార్ చాచాదే

పోచంపల్లిలో ఎక్కడ ఏ తప్పు జరిగినా దాన్ని తన నెత్తికెత్తుకోవడం సర్దార్ చాచాకు అలవాటు. హైదరాబాద్ బస్సు తప్పిపోతే, "నేను ఎక్కుదామనుకున్న గద, అందుకే పొయ్యింది" అనేవాడు. క్రికెట్‌లో మనవాళ్లు ఔటైతే, "టీవీ పెట్టింది నేనే, తప్పు నాదే" అనేవాడు. ఒక పెళ్లి విందులో బగారన్నం మాడింది. ఆ పెళ్లికి ఆయన్ను పిలవనే లేదు. "పొయ్యి కాడ నేనుంటే మాడకపోతుండె. పిలిపిచ్చుకోకపోవుడు నా తప్పే" అని పెళ్లివారినే ఓదార్చి వచ్చాడు.

ప్రవళికకు ఇదంతా నవ్వులాట. ఆమె చీరలు నేసే శ్యామలమ్మ కోడలు. పన్నెండు మగ్గాలవాళ్లు కలిసి చీరలు అమ్ముకోవడానికి పెట్టుకున్న వెబ్‌సైట్‌ను, చాచా నూలు రంగుల దుకాణం వెనక గదిలో కూర్చుని, ఆమే నడిపేది. ఫొటోలు ఆమె పెడితే, చీరల గురించి నాలుగు మాటలు చాచా రాసేవాడు. నాలుగంటే నాలుగు వందలన్నమాట.

ఆ ఏడు వానాకాలంలో ప్రవళిక వెబ్‌సైట్‌కు కొత్త రూపు ఇచ్చింది. రెండు వారాలు తిరిగేసరికి ఆర్డర్లు ఆగిపోయాయి. గూగుల్‌లో పోచంపల్లి చీరలని వెతికితే ఇంతకుముందు మొదటి పేజీలోనే కనిపించేది; ఇప్పుడు పదో పేజీ దాకా పోయినా జాడ లేదు. శ్యామలమ్మ మగ్గం ఖాళీగా ఉంది.

"తప్పు నాదే," అన్నాడు చాచా. "ఎర్ర చీర ముచ్చట రాసుకుంట 'నంబర్ వన్' అని ఇరవై ఆరుసార్లు రాసిన. సదివెటోళ్లకు తల తిరగదా?"

ఇరవై ఐదు తీసేశారు. మార్పు లేదు.

"అయితే నా ఫొటోనే. నా మొహం జూసి కంప్యూటర్ దడుసుకుంది."

ఫొటో కూడా తీసేశారు. పేజీ అందం పెరిగింది గానీ ఆర్డర్లు పెరగలేదు.

"చాచా, మిమ్మల్ని మీరు తిట్టుకునుడు జర ఆపుర్రి. వెబ్‌సైట్ రిపోర్టు చూద్దాం," అంది ప్రవళిక.

సైటుకు జనం రాకపోకలు ఏ తేదీ నుంచి పడిపోయాయో రిపోర్టులో స్పష్టంగా ఉంది. కొత్త రూపు పెట్టిన మర్నాటి నుంచే. ఇద్దరూ ఆ రోజు మార్చిన సెట్టింగులన్నీ ఒక్కొక్కటే తిరగేశారు. చివరికి ఒక చిన్న గడి దొరికింది. ఈ సైటును వెతికేవాళ్లకు చూపొద్దని చెప్పే గడి అది. సగం సగం పేజీలు జనం కంటపడకూడదని ప్రవళికే అందులో టిక్కు పెట్టింది. పనయ్యాక తీయడం మరిచింది.

ఆమె మొహం పాలిపోయింది. చాచా వెంటనే టిక్కు తీయించి, మళ్లీ వచ్చి చూడమని గూగుల్‌కు విన్నపం పెట్టించాడు. "ఇగ రెండు మూడు వారాలు ఆగాలె బిడ్డా," అన్నాడు.

ఆగే ఓపిక మగ్గాలవాళ్లకు లేదు. టిక్కు సంగతి తెలిసి మర్నాడే అందరూ దుకాణంలో కూడారు. పెద్దమనిషి మారయ్య గొంతు పెంచాడు. "గీ పని ఎవరు చేసిండ్రో తేలాలె! ఆ మనిషిని తీసేసి పట్నం కంపెనీకి అప్పజెప్దాం."

ప్రవళిక నోరు తెరిచేలోగా చాచా లేచాడు. "టిక్కు పెట్టింది నేనే. తప్పు నాదే."

గదంతా గొల్లున నవ్వింది. మారయ్య కోపంగానే ఉండాలని చూశాడు, కుదరలేదు. "నిన్ను తీసేస్తే రోజూ ఎవరిని తిట్టాలె మేము? కూసో!"

"కాదు మామా, పెట్టింది నేను!" ప్రవళిక అరిచినంత పనిచేసింది.

"ఓ శ్యామలమ్మా, సర్దార్ రోగం నీ కోడలికి గూడ అంటింది, సూస్కో!" అన్నాడు మారయ్య.

మళ్లీ నవ్వులు. పట్నం కంపెనీ సంగతి ఆ నవ్వుల్లోనే కొట్టుకుపోయింది.

అందరూ వెళ్లాక ప్రవళిక అడిగింది. "ఎందుకు చాచా మీది కాని తప్పు మీదేసుకుంటరు?"

"ఎవలదో తేల్చేటందుకు పూటంత పడ్తది. దిద్దేటందుకు పది నిమిషాలు. నాకు పూటంత కూసుంటె నడుము నొస్తది."

మూడో వారం ఒక పొద్దున వెబ్‌సైట్ మొదటి పేజీలో నాలుగో చోట తేలింది. మధ్యాహ్నానికి మూడు ఆర్డర్లు వచ్చాయి. అందులో రెండు శ్యామలమ్మకే. మారయ్య మగ్గాలవాళ్లందరినీ వెంటేసుకుని పరుగున వచ్చి, "శభాష్ సర్దార్! గెలిపిచ్చినవ్!" అంటూ భుజం తట్టాడు.

"నేనేం జెయ్యలే. రోగం కనిపెట్టింది, మందేసింది ఈ బిడ్డనే," అన్నాడు చాచా.

ఆ ఒక్క మాట మాత్రం అందరూ వెంటనే నమ్మేశారు.