చింతపండుతో తోమిన తూటాలు

సోమవారం పొద్దున దీపం పెట్టి లేస్తుంటే, నేను తమ్ముడూ అని పిలిచే డ్రైవరు వంటింటి గుమ్మంలో నిలబడి, "అక్కా, పెద్దబాబా ఇక లేరండి. ఆసుపత్రి నుంచే వస్తున్నానండి" అన్నాడు. ఆ సాయంత్రానికే మట్టి చేసినారు.

పెద్దబాబా అంటే ఈ అరబ్బు దేశంలో, సల్వా అనే పేటలో నేను పనిచేసే ఇంటి పెద్దాయన. ఇంటి యజమానురాలిని మేము మామా అంటాము. ఆమె భర్తకు తండ్రి ఈయన. మూడోరోజు పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళకు నేను కాఫీ పోస్తున్నాను. మామా కళ్ళు తుడుచుకుంటూ, "పాపం, ఆయనకు మతి నిలిచేది కాదు. తన తూటాలు తనే కలిపేసుకున్నాడు" అనింది. నేను ఖాళీ కాఫీ గిన్నెలు ఏరుకొని వంటింట్లోకి వచ్చేసినాను.

అందుకే ఇప్పుడు పెన్ను పట్టినాను. పదో తరగతి తర్వాత రామకోటి తప్ప ఏమీ రాసినదాన్ని కాదు. రామకోటి పుస్తకంలో మిగిలిన పేజీలలోనే ఇది రాస్తున్నాను. ఇందులో అబద్ధం రాయలేను.

పెద్దబాబాకు వాళ్ళ నాయన ఇచ్చిన వేటతుపాకి ఒకటి ఉండేది. లైసెన్సు ఉన్నదే. వేటలు ఎప్పుడో మానేసి, చలికాలంలో ఎడారిలో గురి చూసి కొట్టే మైదానానికి పోయి కాగితం మీద కాల్చేవారు. తూటాలు కొనేవారు కాదు. గ్యారేజీ పక్క గదిలో కూర్చొని, కంసాలి త్రాసు కన్నా చిన్న త్రాసులో మందు తూచి, ఇత్తడి గొట్టాల్లో తానే నింపుకునేవారు. మందు రెండు కొలతల్లో నింపేవారు, ఒక్కో కొలతకు ఒక్కో పెట్టె. తిరిగి వచ్చినాక బెజ్జాలు పడిన కాగితాన్ని నాకు చూపించి, వాటి మీద ఇక్కడి చిల్లర నాణెం, వంద ఫిల్సుల బిళ్ల పెట్టేవారు. బెజ్జాలన్నీ బిళ్ల కింద దాగిపోతే నాకు ఒక ఖర్జూరం.

రెండేళ్ళ కిందట దసరాకు ముందు, ఆయనకు కంటి ఆపరేషనని హడావిడిగా తీసుకుపోయినారు. పెట్టెలు రెండూ బల్ల మీదే ఉండిపోయినాయి. ఆయుధపూజ నాడు మా ఊళ్ళో కొడవళ్ళు, గడ్డపారలు కడగకుండా ఎవరూ ఉండరు. నేను నా కుందులు చింతపండుతో తోముకొని, ఆ గది తుడవడానికి పోయినాను. తూటాల ఇత్తడి నల్లబడి కనిపించింది. చేతిలో చింతపండు ఇంకా ఉంది. రెండు పెట్టెలూ ఒకే పళ్ళెంలో కుమ్మరించి, తోమి, కడిగి, ఎండలో ఆరబెట్టి, సగం సగం సర్దినాను. బొట్టు మాత్రం పెట్టలేదు. వాళ్ళ నమ్మకం వేరు కదా.

ఆయన కోలుకొని మైదానానికి పోయివచ్చిన రోజు కాగితం మీద బెజ్జాలు ఎండబెట్టిన వడియాల్లా ఉన్నాయి. పెద్దబాబా కోపం తెచ్చుకోలేదు. మొదట తుపాకి మీది దుర్బీను మరలు బిగించినారు. మళ్ళీ పోయినారు, అదే తీరు. తుపాకి గొట్టం లోపల గుడ్డతో తుడిచినారు. ఆ తర్వాత దుర్బీనే మార్చినారు. ఒక్కోసారి ఒక్కటే. "రెండూ ఒకేసారి మారిస్తే ఏది తప్పో ఆ దేవుడికే తెలియాలి" అనేవారు. "తుపాకి అబద్ధం చెప్పదు. అడగడం మనకు రావాల."

నెల గడిచింది. ఒక పొద్దున ఆయన కుడిచెయ్యి చాపి చాలాసేపు చూసుకున్నారు. "ఇంక మిగిలింది ఇదే" అన్నారు. కొడుకు మెత్తగానే, "ఖలాస్ నాన్నా, తుపాకి అమ్మేద్దాం. గురువారం కొనే మనిషి వస్తాడు" అన్నాడు.

నేను కడిగినందుకేనేమో అని అనుమానం వచ్చి, అప్పటికి డ్రైవరు తమ్ముడికి మాత్రం చెప్పుకున్నాను. అతనిది కోనసీమ. "తూటాలకు చింతపండా! ఇంకా నయం, తాలింపు పెట్టలేదండక్కా!" అని నవ్వి, వెంటనే ముఖం మార్చి, "చెప్పకండి. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా తీసేసి విమానం ఎక్కించేస్తారండి" అన్నాడు. నా బిడ్డ అప్పుడు నర్సింగు రెండో ఏడాది. భయపడి నోరు మూసుకున్నాను. కానీ ఆ చెయ్యి చూసుకున్న చూపు నన్ను అన్నం తిననియ్యలేదు.

గురువారం పొద్దున చాయ్ పెట్టి, "బాబా, నీ చెయ్యి మంచిదే. తూటాలు నేను కడిగినాను" అన్నాను.

"దేనితో?"

"చింతపండుతో."

"చేపల పులుసులో వేసేదా?"

తల ఊపినాను. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వినారు. తర్వాత నవ్వు ఆపి, "నీళ్ళు లోపలికి పోయి, ఒక తూటా తుపాకి గొట్టంలో ఇరుక్కొని ఉంటే, తర్వాతిది కాల్చినప్పుడు నా చెయ్యే పోయేది. తెలియనిది అడక్కుండా ముట్టుకోవద్దు" అన్నారు. ఆ మాట అరిచి చెప్పలేదు. అందుకే ఇంకా గుర్తుంది.

"రెండు పెట్టెలూ కలిపినావా?" అని, పాత కాగితం తెచ్చి కిటికీకి ఆనించినారు. వేలితో చూపించినారు. పైన ఆరు బెజ్జాలు ఒకచోట, కింద అయిదు ఒకచోట. "ఇది చెదరడం కాదు, రెండు గుంపులు. మందు రెండు కొలతలు, తగిలేది రెండు చోట్ల! నా చెయ్యి ముసలిదైందనే భయంతో నేను సరిగా చూడనే లేదు."

కొనే మనిషి వచ్చినాడు. కొడుకూ వచ్చినాడు. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. పెద్దబాబా గొంతు వినబడింది. "అమ్మడం లేదు. పెట్టెలు నేనే కలిపేసినాను. మతిమరుపు." కొడుకు తండ్రి వైపు తిరిగి చూసినాడు. ఆ జాలి చూపు ఆయన ఎలా ఓర్చుకున్నారో! నన్ను కేకేసి, "చాయ్ తే. చింతపండు వేయకు" అన్నారు.

తర్వాత ఆయన నేను కడిగిన తూటాలన్నీ జాగ్రత్తగా విప్పి, మందంతా పారేసి, కొత్తగా నింపినారు. నేను పక్కన కూర్చొని పెట్టెలకు రంగుదారాలు కట్టినాను. ఒకదానికి ఎరుపు, ఒకదానికి తెలుపు. ఆ వారం బెజ్జాలు బిళ్ల కింద దాగిపోయినాయి. నాకు రెండు ఖర్జూరాలు. ఆ పాత కాగితం నా చేతికిచ్చి, "ఇది నీది. ఈ మాట మన ఇద్దరి మధ్యే" అన్నారు. నా బిడ్డ చదువు మొన్న ఎండాకాలం పూర్తయింది.

మామాకు చెబుదామని రెండుసార్లు ఆమె గది దాకా పోయినాను. ఆయన మాట అడ్డం వచ్చింది. భయమూ ఉంది, దాచను. కానీ ఒక్కటి మాత్రం ఎక్కడో ఒకచోట ఉండాల. ఆయన మతి నిక్షేపంగా ఉండింది. మరిచిపోయినట్టు నటించింది నా కోసం.

ఈ పేజీలు ఎవరి చేతికొచ్చినా దాచిపెట్టండి. ఎవరికీ చూపించొద్దండి.

వీటిని ఆ కాగితంలోనే చుడుతున్నాను. చుట్టే ముందు ఈ పొద్దున దాన్ని కిటికీకి ఆనించి చూసినాను. ఎండ బెజ్జాల్లోంచి దూరి నేను తోమిపెట్టిన కుందుల మీద పడింది. పైన ఆరు చుక్కలు, కింద అయిదు.