నిలబడి చేసిన వ్యాపారం

మొన్న వేసవిలో మా మనుమరాలు హైదరాబాదు నుంచి వచ్చి కొన్నాళ్లు మా దగ్గరే ఉండి ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటానంటే సంతోషపడ్డాం. వచ్చిన కొద్ది రోజులకే ఆ పిల్ల పేరు మీద ఒక పెద్ద అట్టపెట్టె దిగింది. విప్పి బిగించుకుంటే అది నడుము దాటిన ఎత్తున్న బల్ల, దానికి కుర్చీ లేదు. గంటల తరబడి కూర్చుంటే నడుము పట్టేస్తోందని, ఇప్పుడు అందరూ ఇట్లాగే నిలబడి పని చేసుకుంటున్నారని, ఇది చాలా కొత్త పద్ధతని ఆ పిల్ల నాకు ఓపికగా చెప్పింది. మా ఆవిడ వంటింటి గడపలో నిలబడి నా మొఖం చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు వెనక ఉన్న కథ నా ఈడువాళ్లకైనా చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

మాది జనగామ. తాతల నాటి నుంచి బెల్లం, పప్పుల టోకు వ్యాపారం. ఆ రోజుల్లో దుకాణమంటే ఎట్లా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. వీధి కంటే ఎత్తుగా అరుగు, దాని మీద తెల్ల దుప్పటి పరిచిన పరుపు, వెనక ఆనుకోవడానికి ఒక బాలీసు, ముందు గల్లాపెట్టె. ఆ పరుపునే మేం గద్దె అనేవాళ్లం, చెప్పులు విడిచి దాన్ని కళ్లకద్దుకుని ఎక్కేవాళ్లం. పైన కూర్చున్నవాడు యజమాని, కింద నిలబడ్డవాళ్లు గిరాకీలు, హమాలీలు. కూర్చోవడమే మా ఇంటి మర్యాద, మా ఇంటి హోదా కూడా.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాటికి నేను వరంగల్లులో కాలేజీలో ఉన్నాను. ఊరేగింపుల్లో గొంతులు పోయేలా అరిచాం, కాలేజీలు మూతపడ్డాయి, ఆ ఏడాది చదువు అట్లాగే గాలికి పోయింది. ఇంటికొచ్చి ఊరికే తిరుగుతున్న నన్ను చూడలేక మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, గద్దె మీద కూర్చోబెట్టాడు. కాలేజీలు తెరిచాక కూడా నేను దిగలేదు, బేరం రుచి మరిగాను మరి. పెళ్లయింది, పిల్లలు కలిగారు, పొద్దున మఠం వేసుకుని కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు గాని లేచేవాణ్ణి కాదు.

ముప్పై ఏళ్లు నిండకముందే, ఒక వానాకాలం పొద్దున, దుకాణం తెరుస్తూ తలుపు కిందిపలక తీయబోయి వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. కుడి తుంటిలో మొదలై తొడ వెనక నుంచి పిక్క మీదుగా చిటికెన వేలిదాకా ఎర్రగా కాల్చిన తీగను ఎవరో సర్రున లాగినట్టయింది. హమాలీలిద్దరు నన్ను బెల్లం దిమ్మెను మోసినట్టు ఇంటికి మోసుకొచ్చారు. ఆ తర్వాత తుమ్ము వస్తే భయం, దగ్గు వస్తే భయం. అన్నిటికన్నా పెద్ద శత్రువు కూర్చోవడమే. పీట మీద, మంచం మీద, గద్దె మీద, ఎక్కడ కూర్చున్నా కాసేపటికే కాలు మండి కళ్లల్లో నీళ్లు తిరిగేవి.

జనగామ దవాఖానలో సూదులు వేశారు. వరంగల్లులో ఎక్స్‌రే తీసి వెలుతురుకు పట్టి చూసి ఎముకల్లో ఏమీ లేదన్నారు. ఏమీ లేనిది ఇంత నొప్పి ఎందుకని అడిగితే, ఇది నరం నొప్పి, సయాటికా అంటారు, చెక్కబల్ల మీద కదలకుండా పడుకోమన్నారు. హైదరాబాదులో ఒక పెద్ద డాక్టరు నడుముకు బెల్టు కట్టించి, ఇక చేయగలిగింది ఓపిక పట్టడమేనని మెల్లగా భుజం తట్టి పంపించాడు. వాళ్లను నేనేమీ అనను, ఆ కాలానికి ఆ జబ్బుకు వాళ్ల చేతుల్లో ఉన్నది అంతే. చెప్పినట్టే నెలల తరబడి బల్ల మీద పడుకున్నాను. పడుకున్నకొద్దీ నొప్పి తగ్గకపోగా కాలు సన్నబడింది, మనసు ఇంకా సన్నబడింది.

చుట్టాలందరూ తలో వైద్యం తెచ్చారు. వావిలాకు కాపడం ఒకరు, ఉప్పుమూట ఒకరు, ఆముదం ఒకరు. జఫర్‌గఢ్‌లో మాకు వరుసకు పెద్దమ్మ ఒకామె ఎదురుకాళ్లతో పుట్టింది, అట్లాంటివాళ్లు కాలితో తాకితే నడుము పట్టు విడుస్తుందని నమ్మకం కదా, ఆమెను బండి కట్టి మరీ పిలిపించారు. ఆ మహాతల్లి దేహం భారీది. తాకమంటే తొక్కింది. నేను పెట్టిన కేకకు పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. పెద్దమ్మ మాత్రం చెమట తుడుచుకుంటూ, “ఇగ పోయింది బిడ్డా, మల్ల రాదు” అని ధీమాగా చెప్పి, పాయసం తాగి బండెక్కింది. నొప్పి ఎక్కడికీ పోలేదు.

ఇట్లా ఏడాది గడిచేసరికి బాపు ఒక సాయంత్రం నా బల్ల పక్కన కూర్చుని చాలాసేపు నా కాలు నిమిరాడు. గార్లలో ఉన్న మా అక్క మొగుణ్ణి పిలిపించి గద్దె మీద కూర్చోబెడతానన్నాడు.

“నువ్వు పరేషాన్ గాకు. ఇంట్లనే ఉండు, తిను, పండు. నీకేం తక్కువ జెయ్య.”

ఆ మాటలో ప్రేమ తప్ప మరేమీ లేదు. బావ కూడా మంచివాడే. కానీ ముప్పై ఏళ్లకే ఒకరు పెట్టింది తిని పడుకునే మనిషినయ్యానన్న సంగతి ఆ ప్రేమలోనే నాకు స్పష్టంగా వినిపించింది. ఆ రాత్రి మా ఆవిడ ముందు పెట్టిన కంచాన్ని పక్కకు జరిపేశాను.

ఆ నెలలోనే మానుకోటలో మా బావమరిది కొత్త ఇంటి గృహప్రవేశం వచ్చింది. మానుకోటను ఇప్పుడందరూ మహబూబాబాద్ అనే అంటున్నారు గాని మాకు నాలుక తిరగదు. నన్ను రావద్దన్నారు, నేనే పట్టుబట్టాను. రైలు నిండా జనం, కూర్చునే చోటు లేదు. కాజీపేట దాటేసరికి నడవలేని స్థితికి వస్తానని ఇంట్లోవాళ్లు బెదిరిపోతుంటే, నేను తలుపు దగ్గర రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, రైలు ఊపుకు ఊగుతూ నిలబడ్డాను. కాజీపేట దాటింది. కాలు మండలేదు. ఇంకో స్టేషను వచ్చింది, అయినా మండలేదు. మానుకోటలో దిగి రిక్షా ఎక్కకుండా బావమరిది ఇంటిదాకా నడిచాను. వెనకాల సంచీ పట్టుకుని వస్తున్న మా ఆవిడ మధ్యమధ్య ముందుకొచ్చి నా మొఖంలోకి చూస్తూ ఉంది, ఏమైనా దాచిపెడుతున్నానేమోనని.

ఆ కొత్త ఇంట్లో వంటిల్లు చూసి ఆడవాళ్లంతా ఆశ్చర్యపోతున్నారు. అప్పటిదాకా మన ఇళ్లల్లో పొయ్యి ముందు కూర్చుని వండటమే కదా, అక్కడ నిలబడి వండుకునేటట్టు నడుమెత్తు గట్టు కట్టించారు. నాకు కూర్చోవడం చేతకాదు గనక ఆ గట్టుకే రెండు మోచేతులు ఆనించి, ఒక కాలు కింద ఇటుక మీద పెట్టుకుని చాయ్ తాగుతూ మాటల్లో పడ్డాను. చాయ్ అయిపోయినా అక్కడి నుంచి కదలలేదు. మా ఆవిడ వచ్చి చూసింది.

“మంచిగ నిలబడ్డరు గదా! గసుంటి గట్టే దుకాణంల గూడ కట్టిచ్చుకోరాదుండ్రి? కూసునే బాధనే ఉండది” అంది నవ్వులాటకు.

ఆమె నవ్వింది గాని నేను నవ్వలేదు. ఖాళీ కప్పు పక్కన పెట్టి, ఆ గట్టు ఎత్తును జానలతో కొలిచాను.

జనగామకు తిరిగి వచ్చిన మర్నాడే వడ్రంగిని పిలిపించి, గద్దె తీసేసి, ఎత్తు బల్ల చేయమన్నాను. అరుగును కూడా వీధి మట్టానికి తవ్వించాలన్నాను, లేకపోతే బల్ల మిద్దె మీదకు పోతుంది. బాపుకు తెలిసి మండిపడ్డాడు. మా ఇంట్లో గొంతు పెంచి మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

“సావుకారి నిలబడి యాపారం జేస్తడారా ఎవడన్న? హమాలోడనుకుంటరు నిన్ను. బజారంత నవ్వుతది!”

“నవ్వనీ బాపూ. పండుకున్నోన్ని జూసి ఏడ్శేదానికన్న నిలబడ్డోన్ని జూసి నవ్వేది నయం గాదా?”

 బాపు గద్దె మీది పరుపును తనే చుట్టి, తనే భుజాన వేసుకుని ఇంటికి తీసుకుపోయాడు. మలుపు తిరిగేదాకా ఆ నడక చూశాను, కానీ వడ్రంగిని ఆపమనలేదు.

తెరిచిన రోజు బజారు నిజంగానే నవ్వింది. ఎదుటి దుకాణాల గద్దెల మీది నుంచి తలలు బయటికొచ్చాయి. మధ్యాహ్నం దాకా నేను తల ఎత్తలేదు. అప్పుడు మాకు ఏళ్ల తరబడి కందులు అమ్మే ముసలవ్వ ఒకామె వచ్చి, అలవాటు ప్రకారం మెడ పైకెత్తి, నేనక్కడ లేకపోయేసరికి కంగారుపడి, తీరా చూస్తే తన కళ్లకు ఎదురుగానే ఉన్నాను. ఆమె నన్ను తేరిపార చూసింది.

“ఓ సేటూ, ఇన్నొద్దులకు నీ మొకం సక్కగ కనవడ్డదయ్యా! మెడలు గుంజుతుండె నీతోని మాట్లాడాలంటె. నీకూ మాలెక్కనే నడుము నొస్తదా?”

నొస్తుందవ్వా అన్నాను. ఇక ఆమె కదలలేదు. నాట్లు వేసి వేసి తన నడుము ఎట్లా పోయిందో, పొద్దున లేవగానే ఎట్లా వంగి ఎట్లా నిక్కుతుందో బల్ల ఆనుకుని చెప్పింది, నేను నా కాలి సంగతి చెప్పాను. వెనక నిలబడ్డ రైతులు కూడా కలిశారు. ఏ దవాఖానలోనూ నా నొప్పి గురించి అంతసేపు విన్నవాళ్లు లేరు. ఆ రోజు నుంచి మా బల్ల చుట్టూ మనుషులు తగ్గలేదు. సరుకు కోసం వచ్చేవాళ్లు కొందరు, నడుము కథలు చెప్పుకోవడానికి వచ్చేవాళ్లు ఇంకొందరు. నేను కాసేపు నిలబడటం, కాసేపు గోదాము దాకా నడిచి రావడం, ఒక కాలు మార్చి ఒక కాలు పీట మీద పెట్టుకోవడం, ఇట్లా రోజు గడిపేవాణ్ణి. నొప్పి ఒక్కసారిగా మాయమైపోలేదు. మొదట చిటికెన వేలు వదిలింది, చాలాకాలానికి పిక్క వదిలింది, ఆఖరుకు తుంటిలో ఒక మూల చేరి, చలికాలం వస్తే మాత్రం నేనున్నానని చెప్పేది. బెల్టును మా ఆవిడ పాత సామాన్లవాడికి వేసేసింది. గార్ల బావ గార్లలోనే ఉండిపోయాడు.

ఎనభైలలో మా తమ్ముడు భూపాలపల్లిలో దుకాణం పెట్టాడు. బొగ్గు గనులు వస్తాయని అప్పుడప్పుడే చెప్పుకుంటున్నారు, చుట్టూ అడవి, బస్సు నడుములు విరిగేటట్టు ఎగిరేది. నేను దారి పొడుగునా కమ్మీ పట్టుకుని నిలబడే వెళ్లాను, బాపు సీట్లో కూర్చుని వచ్చాడు. అక్కడి వడ్రంగి కొలతలు తీస్తూ గద్దె ఏ గోడకు వేయాలని అడిగాడు. తమ్ముడు బాపు వైపు చూశాడు. బాపు నా వైపు చూడలేదు, వడ్రంగితోనే అన్నాడు.

“గద్దెందుకయ్యా? జనగామల మా పెద్దోడు ఏశిండు సూడు, గసుంటి ఎత్తు బల్ల గొట్టు. మనిషికి మనిషి ఎదురుంగ ఉండాలె.”

అని, చేత్తో తన నడుము దగ్గర ఎత్తు చూపించాడు. నేను గబగబా వీధిలోకి వచ్చి నిలబడ్డాను. ఆ పూట ఆ అడవి గాలి పీల్చినంత హాయిగా నేను మళ్లీ ఎక్కడా గాలి పీల్చలేదు.

ఇప్పుడు జనగామ బజారులో గద్దె ఉన్న దుకాణం ఒక్కటి కూడా లేదు. బాపు లేడు, ముసలవ్వ ఎప్పుడో పోయింది. మా అబ్బాయి దుకాణానికి అద్దాల తలుపు పెట్టించాడు, సరుకంతా ఫోనులో అడుగుతారు, బండి మీద ఇళ్లకు పోతుంది, బల్ల దగ్గర నిలబడి మాట్లాడేవాళ్లు లేరు గాని వ్యాపారం నా రోజుల కంటే బాగానే ఉంది. నేను సాయంత్రం పూట స్టేషను దాకా నడిచి వస్తాను, ఈ వయసులో ఆ నడక చూసి డాక్టర్లే మెచ్చుకుంటున్నారు. ఒకప్పుడు ఆ దారిలో అడుగడుక్కీ ఎవరో ఒకరు యాడికి సేటూ అని ఆపేవాళ్లు, వాన గురించో వాళ్ల నడుము గురించో మాట్లాడి మాట్లాడి ఇల్లు చేరేసరికి చీకటి పడేది, మా ఆవిడ వాకిట్లో ఎదురుచూసేది. ఇప్పుడు ఆపేవాళ్లు లేరు. వెలుతురు ఉండగానే ఇంటికి వచ్చేస్తున్నాను.