దర్వాజ కాడ సర్వర్

మా మరిది శ్రీశైలానికి ఒకటే పిచ్చి. ఎవరూ ఎవరి దగ్గరికీ నేరుగా పోకూడదు, ముందర ఒకరు అడ్డం ఉండాలి.

మా ఆయన జనార్దన్ ఉన్నప్పుడు నేను పొద్దున్నే ఇల్లంతా ఊడ్చి, చెత్తను దర్వాజలోంచి వాకిట్లోకి తోసేదాన్ని. ఆయన పోయాక శ్రీశైలం అదే దర్వాజకు అడ్డంగా బల్ల వేసి, కంప్యూటర్ పెట్టి కూర్చున్నాడు. ఇప్పుడు రోజూ మరిదిని లేపి, బల్ల జరిపి ఊడవాలి.

“లోపల పెట్టుకోరాదా?” అన్నాను.

“సిగ్నల్ ఈడనే వస్తది వదినె. సైటు నడవాలె.”

ఆ సైటు చేవెళ్ల పూల రైతులది. బంతి ఎంత, చామంతి ఎంత అని ఫోన్లో కనబడాలట. దానికోసం గండిపేటలో తన ఆఫీసుకు సెలవు పెట్టాడు.

“గంత కష్టమేమున్నది అండ్ల?”

“పైథాన్ల రాసిన ప్రోగ్రాం లోపల ఉంటది వదినె. ఒక్కరు అడిగితే మంచిగనే చెప్తది, ఊరంత మీద పడితే ఆగమైతది. అందుకే ముందర వెబ్ సర్వర్‌ను కూసోబెట్టాలె. వచ్చినోళ్లను అది చూసుకుంటది.”

“మరి కూసోబెట్టు.”

“కూసోబెట్టిన. రెంటికీ మాట కలుస్తలేదు.”

వాటి మాట కలిసేలోపు మా ఇంటి మాటలన్నీ తన చేతిలోకి తీసుకున్నాడు. పాల మైసయ్య వచ్చి, “అక్కను గిన్నె తెమ్మను” అన్నాడు.

“గీ మాత్రానికి లోపలోళ్లను లేపొద్దు మైసయ్యన్న. సైటుల గూడ బొమ్మలు, రంగులు ముందరోడే ఇచ్చి పంపిస్తడు” అంటూ గిన్నె తానే పట్టాడు.

“అర లీటరుకు గింత కథనా?” అనుకుంటూ మైసయ్య పోయాడు.

అసలు తిప్పలు పలకరింపుకు వచ్చేవాళ్లతో. అందరూ అడిగేది ఒకటే, ఎట్లా పోయాడని. చెప్పిన ప్రతిసారీ నేను మళ్లీ ఆ దవాఖాన వరండాలో నిలబడేదాన్ని. చెప్పకుండా ఉండలేను, చెప్పి పడుకోలేను.

ఒకనాడు మా దూరపు చుట్టం శకుంతలమ్మ వచ్చింది. “పిలువు మీ వదినెను. ఎట్ల పోయిండో ఆమె నోటనే వినాలె.”

“కూసో పెద్దమ్మ. ముందుగాల పోర్టు అంటే ఏందో చెప్త.”

చెప్పాడు. చాయ్ తాగించి మరీ చెప్పాడు.

“తెరమీద ఐదొందల రెండు అని వచ్చిందనుకో. ముందరోడు బాగనే ఉన్నడు, లోపలికెల్లి జవాబు వస్తలేదన్నట్టు. అప్పుడు జర ఆగి మళ్ల రావాలె.”

“ఎన్నొద్దులు ఆగాలెరా?”

“అది లోపలున్నోళ్ల ఇష్టం పెద్దమ్మ.”

“పెద్దోడు పోయిండు, చిన్నోనికి మతి పోయింది” అని గొణుక్కుంటూ శకుంతలమ్మ లేచిపోయింది. గోడ వెనక నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్లకో వచ్చిందేమో, కొంగు అడ్డం పెట్టుకున్నాను.

అయినా మనసులో ఫికరే. ఇట్లా కూర్చుంటే ఉద్యోగం ఉంటుందా? పక్కింటి అరుణజ్యోతి మొయినాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతోంది. పెరటి వైపు నుంచి కరివేపాకుకు వస్తే అడిగాను. “మీ కాలేజీల ఎవరన్న ఉంటే మా శ్రీశైలం సైటు చూడుమను బిడ్డ. ఇంక నడుస్తలేదు.”

“నడుస్తలేదా? దసరాకు ముందటిసంది నడుస్తున్నది పెద్దమ్మ. మా బాపు అండ్ల రేటు చూసినంకనే పూలు తెంపుతడు.” ఫోన్ తీసి ఆ పొద్దుటి బంతి ధర చూపించింది.

నేను ముందు గదిలోకి వచ్చాను. కరెంటు పోయి చాలాసేపయింది. కంప్యూటర్ తెర నల్లగా ఉంది. శ్రీశైలం మాత్రం కీబోర్డు టకటకా కొడుతూ, వాకిట్లో నిలబడ్డ ఇద్దరు చుట్టాలకు చెబుతున్నాడు. “ఇంక మాట కలుస్తలేదు. జర ఆగి రండ్రి.”

వాళ్లు పోయాక నన్ను చూశాడు. “ఏమన్న కావాలెనా వదినె?”

“ఏం లేదు. సైటు ఎందాక వచ్చింది?”

“ఇంకో నెల పట్టొచ్చు.”

“తొందరేమున్నది, నిమ్మళంగ చెయ్యి.”

మర్నాడు పొద్దున ఇల్లంతా ఊడ్చుకుంటూ దర్వాజ దాకా వచ్చాను. బల్లను జరపలేదు. చెత్త ఇవతలే కుప్ప చేసి, చీపురు మూలకు పెట్టి, చాయ్ పెట్టడానికి పోయాను.