వెనక లైటు కింద వెండి రంగు

మా నాన్న వదిలివెళ్లిన పాత నల్ల కారు స్టీరింగ్ మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. నా సంగతి తెలిసినవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండిపోతోంది.

ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక ఆ పక్క లైట్లన్నీ కలిసి గుడ్డిగా మిణుకుమనేవి. బ్రేకు తొక్కితే అదీ పోయేది. మేముండే హిందీవాళ్ల ఊళ్లో, తెలిపారా బజారులో, వెనకున్న లారీ డ్రైవరు, నేను తనకు కన్ను కొడుతున్నాననుకుని కొట్టడానికి దిగాడు.

ఆర్టీవో ఆఫీసు ఫిట్‌నెస్ పరీక్షలో కారు రెండుసార్లు తప్పింది. మూడోదానికి ఒక్క రోజే మిగిలింది. ఈసారీ తప్పితే తిఫ్రాలో తుక్కు కొనేవాడికి ఇచ్చేస్తానని మా ఆవిడకు మాట ఇచ్చాను. ఆవిడ అప్పుడే కారు ఖాళీ చేసే చోట తులసి కుండీ ఎక్కడ పెట్టాలో చూసుకుంటోంది.

వ్యాపార్ విహార్ వీధిలో మెకానిక్ బల్బు మార్చాడు, ఫ్లాషర్ మార్చాడు, స్విచ్ మార్చాడు. మూడుసార్లూ "హో గయా భయ్యా" అని, పని అయిపోయినట్టే చెప్పాడు. మూడుసార్లూ వీధి మలుపు తిరక్కముందే లైటు చచ్చింది. నేను ఇంటికొచ్చి బానెట్ మీదికి చెప్పు విసిరాను. అది ఎగిరి పక్క రైల్వే క్వార్టర్లో పడింది.

ఆ చెప్పు పట్టుకుని పక్కింటి మావ వచ్చాడు. రైలు పెట్టెల్లో లైట్లు బాగుచేసి రిటైరైన మనిషి. ఇప్పుడు కొడుకు క్వార్టర్లో ఉంటాడు.

"ఏటల్లుడా, కారుతో దెబ్బలాడతన్నావేటి?"

"సామానంతా మార్చినా ఎలగదు మావా! పెట్రోలు పోసి తగలెట్టేస్తాను!"

"అచ్ఛా. తగలెట్టీముందు ఎర్త్ సూసినావా?"

మావ బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక పొడుగాటి వైరు లాగి, వెనక లైటు రేకుకు ఆనించాడు. ఇండికేటర్ టకటకమంటూ భగ్గున వెలిగింది.

"కరెంటు వస్తంది. తిరిగెళ్లడానికే దారి లేదు."

డిక్కీలో ఎర్త్ వైరు బిగించిన బోల్టు విప్పి చాకుతో గీకాడు. వెండి రంగు, దాని కింద మళ్లీ వెండి రంగు, వైరుకు తగలాల్సిన ఇనుము కనపడదు. విశ్వకర్మ పూజకు మా రైల్వే షెడ్డుల్లో ప్రతి మిషనుకూ రంగు పడుతుంది, బోల్టులతో సహా. అదే భక్తి కారు మీదా చూపారన్నమాట.

"బోల్టిప్పి మరీ పూసినాడు. ఎవుడ్రా ఈ బుద్ధిమంతుడు?"

"ఇంకెవరు? మా నాన్నే!" అన్నాను. పోయినాయన్ని తిట్టకూడదంటారు. తిట్టాను, గట్టిగా, వీధంతా వినేలా.

మావ చాకు మడిచాడు. "మీ నాయిన అంతకాలం షెడ్డులో ఎలట్రీషనురా. ఆడికి ఎర్త్ తెలీదేటి?" అని ఉప్పుకాగితం ముక్క నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఇనుము మెరిసేదాకా రుద్దాను. మర్నాడు కారు నెగ్గింది. తులసి కుండీ పెరట్లోనే ఉంది.

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. లారీ డ్రైవరు నిజం, చెప్పూ నిజం. అబద్ధం మావతో చెప్పిందే. నాన్న ఆ బోల్టు జోలికి ఎన్నడూ పోలేదు. ఆయన పోయాక, ప్రతి విశ్వకర్మ పూజకూ, శ్రద్ధగా విప్పి, పూసి, ఆరబెట్టి బిగించినవాణ్ని నేనే. మావకు ఆ పూటే తెలిసిపోయి ఉంటుంది. ఉప్పుకాగితం నా చేతికే ఇచ్చాడు మరి.