పాత పోర్టుకు పెట్టిన గొంతు

వీధిలో అందరూ ఆయన్ని మిక్సింగాయన అంటారు. పెళ్ళి వీడియోలు కత్తిరించి, అతికించి, పాటలు కలిపి ఇవ్వడం ఆయన పని. గొంతులో గడ్డ వచ్చి వాళ్ళక్క ఆపరేషనుకు వెళ్ళబోతుంటే, తన గదిలోనే మైకు ముందు కూర్చోబెట్టి మాట్లాడించాడు. ఆ తర్వాత మాట ఉండదని డాక్టరు ముందే చెప్పేశాడు. కూతుర్ని ముద్దుగా తిట్టిన తిట్లు, చెప్పిన బుద్ధులు, మధ్యలో నవ్వులు, అన్నీ రికార్డయ్యాయి. డాక్టరు అన్నట్టే అయింది. అక్క గొంతంటూ ఇక మిగిలింది ఆయన కంప్యూటరులోనే.

ఆ కంప్యూటరు ముసలిది. ముక్కుతూ మూలుగుతూ నడుస్తుంది. ఇన్నాళ్ళూ అన్నం పెట్టిందని దాన్ని మార్చడు. డిస్కులో ఎప్పుడూ చోటు చాలదు గనుక ఆయనకో అలవాటు పడిపోయింది. ఏదీ కాపీ చెయ్యడు, కట్ చేసి ఇంకోచోట పెడతాడు. ఒకే వస్తువు రెండు చోట్లెందుకంటాడు. పైగా అదో తెలివి అని మురిసిపోతాడు.

"మావయ్యా, అమ్మ గొంతు నాకిస్తావా?" అని మేనకోడలు అడిగింది. అడగడమే ఆలస్యం, బయట తగిలించే కొత్త హార్డ్ డ్రైవు కొనుక్కొచ్చాడు. దాని వైరు కంప్యూటరు పాత పోర్టులో చక్కగా దూరింది. దూరితే చాలు, పనైపోయినట్టే అనుకునే రకం మన మనిషి.

డ్రైవు లైటు వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. లోపల టిక్కుమంది. అక్క గొంతున్న ఫోల్డరును కట్ చేసి అందులో పెట్టాడు. పని నత్తనడక నడుస్తుంటే ఆ చప్పుడు మాత్రం ఆగడం లేదు. మధ్యలో డ్రైవు తెర మీంచి మాయమై మళ్ళీ వచ్చింది. ఆయన వైరును ఇంకాస్త లోపలికి నొక్కాడు.

భార్య గుమ్మంలోకి వచ్చింది. "ఆ చప్పుడేంటండీ? నాకెందుకో భయంగా ఉంది."

"కొత్తది కదా, అదే సర్దుకుంటుందిలే."

ఆమె లోపలికీ రాలేదు, వెళ్ళిపోనూ లేదు. ఆయన మనసూ కీడు శంకించింది, అయినా మొండికేశాడు. చివరికి పూర్తయిందని తెర మీద పడింది. కంప్యూటరు డిస్కులో ఖాళీ చోటు కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. అప్పటికప్పుడు ఎవరిదో పెళ్ళి వీడియో తెచ్చి ఆ చోట్లో నింపేశాడు.

మర్నాడు అక్కా, మేనకోడలూ వచ్చి కూర్చున్నారు. డ్రైవు టిక్కుమంటోందే తప్ప తెర మీదకు రాలేదు. ఆయన వైరు తీసి మళ్ళీ పెట్టాడు. ఎదురు కొట్లోని రిపేరతన్ని పిలిచి జరిగింది చెప్పాడు. అతను దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఈ కొత్తవాటికి కరెంటు ఎక్కువ కావాలి బాబాయ్. మీ పాత పోర్టు అంత ఇవ్వలేదు. రెండు పోర్టుల్లోంచి కరెంటు లాగే రెండు పిన్నుల కేబులు వాడాల్సింది. లోపలి చక్రం తిరగలేక తిరగలేక అంతా గీసుకుపోయింది, ఇది ఇక పనికిరాదు. పోనీ, పాత డిస్కులో చెరిపినవాటిని వెనక్కి లాగొచ్చు. దాంట్లో మళ్ళీ ఏమీ ఎక్కించలేదు కదా?"

మిక్సింగాయన నిన్న నింపిన పెళ్ళిని తెర మీద వేలితో చూపించాడు. దాని మీద ఇది పడిపోయింది, ఇక రాదు బాబాయ్ అని రిపేరతను వెళ్ళిపోయాడు.

"ఏమైంది మావయ్యా?"

"పోయిందమ్మా. నేనే పోగొట్టాను."

ఆ పిల్ల ముఖం చూడడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. అక్క లేచి వచ్చి తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది. ఊరుకోరా అన్నట్టు పెదవులు కదిపింది. చిన్నప్పటి నుంచీ విన్న గొంతే కదా అని ఆయన ఆ మాటను మనసులో ఆమె గొంతుతో వినబోయాడు. వినిపించలేదు.