ఉస్తాద్‌గారి ముల్లు మీటర్లు

పోయిన నెల ఒక శుక్రవారం ఉదయం, మస్కట్ దగ్గర రుసైల్‌లోని మా వర్క్‌షాప్‌లో ఓవర్‌టైమ్ డ్యూటీలో ఉండగా ఫోను మోగింది. హమ్రియాలో మా రూమ్‌లోనే ఉండే తోటి ఎలక్ట్రీషియన్ గొంతు. "అన్నా, ఉస్తాద్ లేస్తలేడే. ఎంత పిలిచినా పలుకుతలేడు," అన్నాడు. నేను పోయేసరికి ఆయన మీద దుప్పటి కప్పేశారు. నిద్రలోనే గుండె ఆగిందట.

ఉస్తాద్ అంటే మాకు పని నేర్పిన మనిషి. ఆయనది కడప. ముప్పై ఏళ్లకు పైగా మస్కట్‌లో కరెంటు పనే చేశారు. నాది జగిత్యాల వైపు. ఇక్కడికి వచ్చేనాటికే నాకు పెళ్లయి ఇద్దరు పిల్లలు. ఊళ్లో పదేళ్లు మోటార్లు చుట్టినవాడిని, ఇంక నేర్చుకునేదేమీ లేదనుకుంటూ దిగాను.

ఆ భ్రమ మొదటి వారంలోనే పోయింది. ఖురంలో ఒక ఆఫీసు బిల్డింగ్ పని. ప్యానల్ మీద నా డిజిటల్ మీటర్ పెట్టి చూస్తే సున్నా చూపించింది. లైను చచ్చిందనుకుని స్పానర్ లోపల పెట్టబోయాను.

"ఆగబ్బా!" అని వెనకనుంచి అరిచారు ఉస్తాద్. సంచిలోంచి చెక్కపెట్టెలో ఉన్న పాత వోల్ట్‌మీటర్ తీసి ఆ తీగలకే పెట్టారు. ముల్లు ఒక్క ఊపున పైకి లేచింది. నేను స్పానర్ వెనక్కి లాగేశాను.

"నీ మీటర్ వైరు లోపల తెగినాది. కరెంటు తెగలే," అన్నారు. నన్ను తిట్టలేదు. ఆ సంగతి కంపెనీలో ఎవరికీ చెప్పనూ లేదు.

అలాంటి మీటర్లు ఆయన దగ్గర ముప్పై ఒకటి ఉండేవి. ఫ్యాక్టరీల్లో పాత ప్యానళ్లు పీకేసినప్పుడు అడిగి తెచ్చుకున్నవి కొన్ని. వాదీ కబీర్‌లో శుక్రవారం జరిగే పాతసామాను సంతలో దొరికినవి కొన్ని. టేకు పెట్టెలు, ఇత్తడి మరలు. చేత్తో పిడి తిప్పి కేబుల్ బాగుందో లేదో చూసే మెగ్గర్ వాటన్నిటికీ పెద్దది. మంచం పక్కన ఇనప అరలో అన్నిటినీ వరసగా పెట్టుకునేవారు. మేం టీవీలు, ట్రంకుపెట్టెలు కొనుక్కుంటుంటే ఆయన వీటిని రూమ్‌కు తెచ్చుకునేవారు.

శుక్రవారం జుమ్మా నమాజు నుంచి వచ్చి అన్నం తిన్నాక నేలమీద న్యూస్‌పేపర్ పరిచేవారు. ఒక్కో మీటర్ దించి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపేవారు. కొన్ని మీటర్లలో ముల్లు కింద సన్నని అద్దం పట్టీ ఉంటుంది. ఒక కన్ను మూసి ఎలా చూడాలో నాకు నేర్పారు. "ముల్లూ దాని నీడా ఒకటయ్యేదాక తల జరుపుకో. అప్పుడు సదువు. తొందర పడితే నీకు కావాల్సింది కనపడతాదిగానీ, ఉండేది కనపడదు," అనేవారు.

ఒక మీటర్ మూత లోపల ఎవరో పెన్సిల్‌తో తమ పేరు రాసుకున్నారు. అది సగం చెరిగిపోయింది. ఆ చోట మాత్రం ఉస్తాద్ బ్రష్ తగలనిచ్చేవారు కాదు. "ఈ కొండల్లో మొదట లైటు ఎలిగినప్పుడు ఇది ఎవురి చేతిలో ఉండెనో! ఆ మనిషి పేరు తుడిచేదానికి మనమెవురం?" అనేవారు.

మూడేళ్ల కిందట ఆయన కళ్లకు శుక్లాలు వచ్చాయి. మీటర్ల లోపలి వెంట్రుకలాంటి స్ప్రింగ్ కనపడడం మానేసింది. ఆపరేషన్‌కని కడప పోతూ ఆ ఇనప అర తాళంచెవి నా చేతిలో పెట్టారు. "నా పెట్టెలు జాగర్తబ్బా. ఇంకేం అడగను," అన్నారు.

ఆయన లేని ఆ నెలలోనే, రిపేర్లున్నాయి, రూమ్ ఖాళీ చేసి పైఅంతస్తుకు మారమన్నాడు బిల్డింగ్ యజమాని. నేను మీటర్లను పేపర్లలో చుట్టి అట్టపెట్టెల్లో సర్ది వరండాలో పెట్టాను. పక్కనే మా పాత వైర్ల పెట్టెలు, పారేయాల్సినవి, ఉన్నాయి. దేనిమీదా ఏమీ రాయలేదు. మర్నాడు నేను సైట్‌లో నిచ్చెన మీద ఉండగా, ఆ వైర్ల కోసం నేను రమ్మన్న తుక్కు బండివాడు ఫోన్ చేశాడు. "భాయ్, డబ్బే సబ్ లేజావూ?" పెట్టెలన్నీ తీసుకుపోనా అని.

"హా, సబ్ లేజావో," అన్నాను, అన్నీ తీసుకుపొమ్మని.

సాయంత్రం వచ్చి ఖాళీ వరండా చూశాక గానీ నేనేమన్నానో నాకు అర్థం కాలేదు. తుక్కు యార్డుకు పరిగెత్తాను. అప్పటికే రాగి కోసం, ఇత్తడి కోసం పెట్టెలు పగలగొడుతున్నారు. పొద్దు గుంకేదాకా ఆ కుప్పల్లో చేతులు కోసుకుంటూ వెతికాను. తొమ్మిది దొరికాయి.

ఫోన్లో చెప్పే ధైర్యం లేకపోయింది. ఆయన తిరిగొచ్చిన రోజు ఎయిర్‌పోర్ట్ బయటే చెప్పేశాను. నా ముఖంలోకే చూస్తూ విన్నారు.

"ఎన్ని ఉండాయి?"

"తొమ్మిది దొరికినయ్ ఉస్తాద్."

"మెగ్గర్?"

"లేదు ఉస్తాద్."

దారిపొడుగునా కారు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. ఒకే గిన్నెలో వండుకునేవాళ్లం, ఆయన తన అన్నం పెట్టుకుని వేరేగా కూర్చునేవారు. ఇంకెప్పటికీ ఇంతేననుకున్నాను. పన్నెండో రోజు శుక్రవారం. న్యూస్‌పేపర్ పరిచి, పగిలిన మీటరొకటి ముందు పెట్టుకుని, తల ఎత్తకుండానే అన్నారు: "ఏమబ్బా, ఆడనే నిలబడితే ఎట్లా? ఈ గాజు పట్టుకో."

ఆ తొమ్మిదింటినీ బాగుచెయ్యడానికి మాకు ఏడాది పైనే పట్టింది. తప్పయింది అనే మాట ఎన్నోసార్లు నా నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆయనా ఆ ఊసు ఎప్పుడూ ఎత్తలేదు. ఇప్పుడు చెప్పుకుందామంటే మనిషి లేడు.

కడపలోని ఆయన ఇంటివాళ్లు మస్కట్‌లోనే మట్టి చెయ్యమన్నారు. కాగితాల పని ముగిశాక అమెరాత్ కొండల మధ్య ఉన్న ఖబరస్తాన్‌లో ఆయన్ని దించారు. నేను హిందువునని తెలిసీ ఎవరూ పక్కకు జరగమనలేదు. అందరితోపాటు నేనూ మూడు గుప్పిళ్ల మట్టి వేశాను.

తర్వాతి శుక్రవారం సాయంత్రం మళ్లీ వెళ్లి, ఉస్తాద్ భార్యకు వీడియో కాల్ చేసి సమాధి చూపించాను. ఆవిడతో మాట్లాడడం అదే మొదలు. మీటర్లు ఇంటికి పంపమంటారా అని అడిగాను.

"ఈడికి తెచ్చి మేమేం చేస్తాం నాయనా? పని తెలిసినోళ్ల మధ్యన ఆడనే ఉండనీ," అన్నారు. ఆ వెంటనే, "తుక్కుకుప్పలో దిగి తొమ్మిది కాపాడినోడివి నువ్వే కదా? చేతులు తెగినా ఇడిసిపెట్టలేదంట. ఎప్పుడు ఫోన్ చేసినా నీ మాటే చెప్తా ఉండె," అన్నారు.

మిగతా ఇరవై రెండూ ఎవరివల్ల పోయాయో ఆయన ఇంట్లో చెప్పనే లేదన్నమాట. నేనే చెప్పేశాను. "నావల్లనే పోయినయమ్మా," అన్నాను. ఆవిడకు వినపడిందో లేదో తెలియదు.

"ఆ పక్కన ఎవురు నాయనా?" అని అడిగారు. ఫోను అటు తిప్పాను. పేరు లేని రాయి, ఇంకా ఆరని మట్టి.

"తెల్వదమ్మా."

"ఎవురో ఒకరు ఉండారులే తోడు," అన్నారు.

ఆ తర్వాత కూడా ఇద్దరమూ ఫోను పెట్టేయలేదు. కొండ నీడ మెల్లగా దిగి ఒక్కో సమాధినీ దాటుకుంటూ వస్తోంది. చెయ్యి నొప్పి పుడుతున్నా, ఆవిడకు కనపడేలా ఫోను అలాగే పట్టుకుని నిలబడ్డాను.